పాటిమన్ను తోలిన మనిషి

మొన్న శుక్రవారం పొద్దున విడవలూరు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. సముద్రం వైపు వేసిన రోడ్డును ఇప్పుడు వెడల్పు చేస్తున్నారట. రోడ్డు వేసే ముందైనా, పెంచే ముందైనా ఆ దారిలో పాతకాలపు ఊళ్ళ ఆనవాళ్ళు ఉన్నాయేమో నడిచి చూడాలి కదా, ఆ పని ఈసారి ఆమెకు అప్పజెప్పారట. ఆరేళ్ళ క్రితం, ఆ రోడ్డు పడకముందు, అదే పని చేసింది నేను.

"మీ పాత రిపోర్టు చేతిలో పెట్టుకునే నడుస్తున్నాం మేడమ్. మీరు పాత ఊరి స్థలమని గుర్తు పెట్టిన పొలం ఉంది చూశారూ, కాలు పెడితే కుండపెంకులే! మీరు రాసినదానికంటే ఎక్కువే ఉన్నాయి. ఆ పొలం జోలికి పోకుండా వెడల్పు మొత్తం తూర్పువైపే తీసుకోమని సోమవారం రిపోర్టు ఇచ్చేస్తున్నాం. మీకు థాంక్స్ చెబుదామని చేశాను."

నేను ఊఁ అన్నాను.

"ఆ పొలం పెద్దాయన పోయిన రంజానుకు ముందే చనిపోయారట మేడమ్. వాళ్ళావిడ చెప్పింది. మీరెలా ఉన్నారని అడిగింది."

 ఫోను పెట్టేశాను. ఏడుపు తరువాత ఎప్పుడో వచ్చింది. ముందు వచ్చింది మాత్రం సిగ్గు.

పాత రిపోర్టు తీసి చూశాను. పటాలు, పట్టికలు, ఫొటోలు, నా సంతకం, అన్నీ దర్జాగా ఉన్నాయి. ఆయన గురించి ఒకే ఒక్క మాట ఉంది: "స్థానిక సహాయకుడు ఒకరు వెంట ఉన్నారు." ఆ ఒకరి పేరేమిటో నాకు తెలియదు. అన్ని రోజులు ఎండలో వెంట తిప్పుకున్న మనిషి పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

ఊళ్ళో అందరూ బండి సాయిబు అనేవాళ్ళు. ఎదురుపడితే సాయిబన్నా. నేను వెళ్ళేనాటికి బండీ లేదు, ఎడ్లూ లేవు. అవి పోయి చాలా ఏళ్ళయింది. అయినా కాలవ కట్ట ఎక్కేటప్పుడు నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసేవాడు, ముందు ఎడ్లున్నట్టు. దిగేటప్పుడు "హో... హో..." అని మెల్లగా ఆపేవాడు. నేనూ, నాతో ఉన్న ఇద్దరు సర్వేయర్లూ ఆ "హో" వినపడగానే మాకు తెలియకుండానే నిలబడిపోయేవాళ్ళం. మమ్మల్ని ఎడ్లను చేశాడు మహానుభావుడు అని ఒకరోజు పడి పడి నవ్వాం. ఆయన నవ్వలేదు.

"ఎడ్లు మీ మాదిరి వంకర టింకర నడవ్వు మేడమ్మా," అన్నాడు.

నీలం గళ్ళ లుంగీ, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా. టోపీ ఎప్పుడూ చొక్కా జేబులో మడిచి ఉండేది, నమాజు వేళకి తీసి పెట్టుకునేవాడు. మనిషి బక్కపలుచన. నడిస్తే మాత్రం ఎంత దూరమైనా ఒకటే నడక, తొందర లేదు, ఆలస్యమూ లేదు. మేము పదడుగులు ముందుకు ఉరికి, దాహం అని చతికిలబడితే, ఆయన అదే నడకతో వచ్చి మమ్మల్ని దాటుకుని పోయేవాడు.

లోకంలో ఏదైనా సరే ఆయన బండ్లతోనే కొలిచేవాడు. టీకొట్టు ఆయన మంచోడే గాని మూడు బండ్ల మాటలు చెబుతాడు. మా ఆడమనిషికి ఈ పొద్దు అర బండి కోపం. నిన్నటి వానకు బండెడు నీళ్ళు కూడా నిలవలా. ఏదైనా పెద్ద విషయం చెప్పాల్సి వస్తే "ఇది ఒక బండి మాట గాదు" అని ఆగిపోయేవాడు. ఆగాడంటే ఇక ఆ రోజుకు అది బయటికి రాదు.

మా పని చూసేవాళ్ళకు పిచ్చిపనిలా ఉంటుంది. కోతలైపోయిన పొలంలో అడ్డంగా వరసకట్టి, ఎడంగా నిలబడి, తలలు దించుకుని నేల చూస్తూ నడవాలి. కుండపెంకు కనిపిస్తే పక్కన చిన్న ఎర్రజెండా గుచ్చాలి. సాయంత్రానికి జెండాలు ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడ నేల కింద పాత ఊరు ఉండి ఉంటుందని రాసుకోవాలి. రొయ్యల గుంటల దగ్గర ఒక రైతు మమ్మల్ని చూసి, "ఏం పారేసుకున్నారమ్మా?" అని అడిగాడు.

సాయిబన్న జవాబు చెప్పాడు. "ఈళ్ళు పారేసుకోలేదబ్బా. మనం పారేసుకున్నేది ఎతకతా ఉండారు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఏ పొలంలో దిగినా చిటికెడు మన్ను తీసి ఎడమ అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్ది, ఉఫ్ అని ఊదేవాడు. "ఇసక," అనేవాడు. "ఒండ్రు." "చవుడు." కొన్ని పొలాల్లో మాత్రం రుద్ది, అరచెయ్యి చూసుకుని, ఏమీ అనకుండా లుంగీకి తుడుచుకునేవాడు. మా జెండాలు గుంపులుగా గుచ్చుకున్నవి సరిగ్గా ఆ పొలాల్లోనే. అది నేను గమనించలేదు. నేలంతా కలియజూసిన దాన్ని ఆయన అరచెయ్యి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

ఆయనకు అర ఎకరా కయ్య ఉండేది. గాలి అటు నుంచి తోలితే సముద్రం హోరు వినపడేంత దూరంలో, వరి పండే చిన్న మడి. జీవితమంతా బండి తోలి సంపాదించుకున్నది అదొక్కటే. రోడ్డుకు గీసిన గీత నట్టనడి మధ్య నుంచి పోయింది. హద్దు రాళ్ళు కూడా పాతేశారు. ఆ సంగతి మాకు చెప్పింది టీకొట్టు ఆయన, సాయిబన్న కాదు.

ఆ కయ్యలో దిగిన రోజు మా జెండాలు అయిపోయాయి. తెచ్చినవన్నీ గుచ్చినా పెంకులు మిగిలాయి. ఎర్ర పెంకులు, నల్ల పెంకులు, మెరుగు పెట్టినవి, గీతలు గీసినవి. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు, నమాజు వేళ కూడా కాదు. మళ్ళీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం సాయిబన్నా, నీ కయ్య కింద ఊరికి ఊరే ఉన్నట్టుందే!" అని అరిచాను.

"ఉంటాదిలే మేడమ్మా," అన్నాడు నేలకేసి చూస్తూ. సాయంత్రం దాకా ఇంకో మాట మాట్లాడలేదు. రోడ్డుకు పోయే కయ్య కదా, దిగులు పడుతున్నాడనుకున్నాను.

కయ్యకు తూర్పున సర్వి తోపు, అంటే సరుగుడు చెట్ల తోపు ఉంది. కొంచెం ఎత్తుగా, పైన ఇసక, ఆ ఇసక మీద జానెడు మందాన రాలిన సర్వి ఆకు. ఒక పూట అందులోనూ నడిచాం. నేల కనపడితే కదా పెంకు కనపడేది. ముళ్ళు గుచ్చుకుని, చెమటలు కారి, విసుగెత్తి బయటపడ్డాం. "గాలికి కొట్టుకొచ్చిన ఇసక మేట, ఆనవాళ్ళు లేవు" అని రాసుకున్నాను. నా కళ్ళ మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

ఆ కయ్య కింద పాత ఊరుందని రిపోర్టు ఇచ్చాను. రోడ్డు వాళ్ళకు పండగే అయింది. సర్వి తోపు సర్కారు పోరంబోకు, ఖాళీ చేయించాల్సిన మనిషి లేడు, అడ్డం చెప్పే మనిషీ లేడు. గీతను తూర్పుకు జరిపి సర్వి తోపు మీదుగా లాగేశారు. ఒక పాత ఊరినీ కాపాడాను, ఒక పేదవాడి కయ్యనూ కాపాడాను అని నేను తెగ మురిసిపోయాను. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా.

రెండు వారాలకు ఆయన నెల్లూరులో మా ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి, ఉతికిన చొక్కా తొడుక్కుని, వచ్చి గోడవారన నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

"మీరు ఒక్క తూరి రావాల మేడమ్మా."

"ఏమైంది అన్నా?"

"ఈడ చెప్పేది గాదు. ఇది ఒక బండి మాట గాదు."

కోవూరు మీదుగా బస్సులో వెళ్ళాం.  దిగి నేరుగా సర్వి తోపులోకి తీసుకుపోయాడు. కాలితో ఆకు పక్కకు నెట్టి, ముందే దాచిపెట్టుకున్న గడ్డపార తీసి తవ్వాడు. మూరెడు లోతు ఇసక. దాని కింద బూడిదరంగు మన్ను. చిటికెడు తీసి నా అరచేతిలో వేసి, "రుద్దండి," అన్నాడు. రుద్దాను. చేతికి అంటలేదు, మెత్తటి బూడిదలా జారిపోయింది. ఇంకో నాలుగు పోట్లు వేశాడు. పెద్ద కుండ అంచు బయటపడింది. బయట ఎరుపు, లోపల నలుపు, పగలని అంచు.

"ఇది పాటిదిబ్బ మేడమ్మా. పాత ఊరు ఉండినేది ఈడ. ఈ మన్ను కయ్యలకు బలే సత్తవ. మా నాయినా నేనూ చుట్టూరా ఉండే కయ్యలకంతా ఈడి నుంచే పాటిమన్ను తోలినాం. బండ్లు నిలిచినాక ఇసక మేటేసింది, సర్వి లేసింది. మన్నుతో పాటు పెంకులు బోవా? మీరు జెండాలు గుచ్చిన కయ్యలన్నీ నేను తోలినవే. ఆ పెంకులు ఆడివి గావు. నా కయ్యకు ఇంకా ఎక్కువ తోలుకున్నా. నాది గదా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఇది నాకు తెలియని విషయం కాదు. మాది కోవూరు. నా చిన్నప్పుడు పాటిమన్ను బండ్లు మా ఇంటి ముందు నుంచే పోయేవి. మనుషులు తరతరాలు బతికిన చోట పొయ్యి బూడిదా, పేడా, చెత్తా కలిసిన మన్ను అది. మా తాత కూడా తోలించాడు. బండి వెనక రాలిన పెంకులు ఏరుకుని మేము తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాం. ఇంత చదువు చదివి, ఆ తొక్కుడుబిళ్ళనే మరిచిపోయాను. నా మీద నాకు వచ్చిన కోపం ఆయన మీద చూపించాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"మొదట్లో మీకు తెలుసనుకున్నా. సదువుకున్నోళ్ళు గదా. నా కయ్యలో జెండాలు గుచ్చిన దినం అర్థమైంది, మీకు తెల్దని. ఆ దినమే చెప్పాల్సింది." గడ్డపార నేలకు ఆనించి ఊపిరి తీసుకున్నాడు. "రోడ్డు పక్కకు పోతాదేమో, కయ్య మిగిలిపోతాదేమో అని ఆశ పుట్టింది మేడమ్మా. నోరు రాలా."

"మరి ఇప్పుడు?"

"ఈ దిబ్బను సగం తినింది నా బండి. మిగిలింది రోడ్డుకు ఒప్పజెప్పింది నేను నోరు మూసుకోబట్టి. రెండూ నా మీదనే పడితే ఎట్టా? కాయితం మార్చండి. కయ్య పోతే పోనీ."

రాస్తానన్నాను. ఆ రోజే ఉత్తరం రాసి పెట్టుకున్నాను కూడా. పంపలేదు. పంపితే నేను నడిచిందంతా తప్పని, గీసిన పటమంతా తప్పని ఒప్పుకోవాలి. ఇక నన్ను ఎవరు పిలుస్తారు పనికి? అలా అని నాతో నేను అనుకోలేదు. పాపం, ముసలాయన కయ్య పోతుంది కదా అనుకున్నాను. నా భయానికి ఆయన కయ్యను అడ్డం పెట్టుకున్నాను. ఇంత తేట మాట ఒప్పుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

రెండుసార్లు ఫోను చేశాడు. "రాసినారా మేడమ్మా?" అనేవాడు. "రాస్తున్నా అన్నా, పైవాళ్ళు చూడాలి," అనేదాన్ని. మూడోసారి చేసి, నా ఆరోగ్యం ఎట్టా ఉండాదో అడిగి, వానల గురించి కాస్త మాట్లాడి, ఆ మాట ఎత్తకుండానే పెట్టేశాడు. నాకు హాయిగా ఊపిరాడింది. నిజం చెబుతున్నాను, హాయిగానే అనిపించింది.

సర్వి చెట్లు కొట్టేశారని, మిషన్లు దిగాయని తెలిసి ఉండబట్టలేక ఒకరోజు వెళ్ళాను. దిబ్బ నడిమి భాగం అప్పటికే చదునై ఉంది. మిషను తొట్టె లేచినప్పుడల్లా బూడిదరంగు మన్ను జలజలా రాలుతోంది, దానిలో కుండలు కుండలుగా పగిలి పడుతున్నాయి. ఒకచోట పూసలు. నేను రోడ్డుపని వాళ్ళకు కనపడకుండా వేపచెట్టు చాటున నిలబడ్డాను. తప్పు చేసినదాన్ని కదా, ఇంకెలా నిలబడతాను?

ఆయన అక్కడే ఉన్నాడు. మిషను వెనక్కి పోయినప్పుడల్లా వంగి పెంకులు ఏరి సైకిలుకు రెండు పక్కలా కట్టిన గోతాల్లో వేసుకుంటున్నాడు. గోతాలు నిండాక సైకిలు నెట్టుకుంటూ కట్ట ఎక్కాడు. ఎక్కుతూ టక్ టక్ మన్నాడు, సైకిలుతో. నేను వెనకే వెళ్ళాను. కయ్యలో గోతాలు కుమ్మరించి, పెంకుల్ని ఒక్కొక్కటే చేత్తో సర్దుతున్నాడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"మళ్ళీ తోలతా ఉండా." నా వైపు చూసి, కూర్చోమన్నట్టు గట్టు చూపించాడు. "పొయ్యేదాన్ని యాడో ఒక చోట పెట్టాల గదా మేడమ్మా. ఈ కయ్యలో ఉండాయని మీరు కాయితంలో రాసినారు. ఉండనీ. మీ మాట అబద్దం గాకుండా పోతాది."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. ఎగతాళి చేసినా బాగుండేది, తిట్టినా బాగుండేది.

"మరి నాట్లు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఈ ఏడు ఎయ్యలా."

ఆ తరువాత ఏ ఏడూ వెయ్యలేదట. ఆ కయ్య కోసమే నోరు మూసుకున్న మనిషి, మిగిలిన కయ్యలో మళ్ళీ నారు పెట్టలేదు. నేను తిరిగి విడవలూరు వైపు పోలేదు. పని పడినా ఇంకొకరిని పంపించాను.

శుక్రవారం ఫోను వచ్చాక శనివారం మొదటి బస్సుకు బయల్దేరాను. ఈసారి వెడల్పు తూర్పుకు జరిపితే దిబ్బలో మిగిలిన కాస్త అంచు కూడా పోతుంది. జరపొద్దని చెబితే వెడల్పుకు ఆ కయ్య పోతుంది. ఇప్పుడది ఆయన భార్యది. ముందు ఆమెతో మాట్లాడాలి అనుకున్నాను. అది న్యాయమే అని దారంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఆమె వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. "మేడమ్మంటే మీరేనా?" అని పీట వేసి, నీళ్ళిచ్చింది. అంతా చెప్పాను. దిబ్బ సంగతి, కయ్య సంగతి, నేను పంపని ఉత్తరం సంగతి. ఆమె గింజలు తీయడం ఆపకుండా విన్నది.

"ఆయనుండంగా ఒక్క తూరి వచ్చుంటే ఏం బొయ్యేది?" అన్నది. "దినామూ బస్సు దిగే కాడ కూసోనేవాడు. మేడమ్మ వస్తే కాయితం మారినట్టు అనేవాడు."

 "ఇప్పుడు చెబితే మీ కయ్య పోతుంది. మీరేమంటారమ్మా?" అని అడిగాను.

ఆమె అప్పుడు చెయ్యి ఆపింది. "నేను వద్దంటే చెప్పరా? నన్ను అడగను వచ్చినారా, నా మీద ఎయ్యను వచ్చినారా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఆరేళ్ళ క్రితం ఆయన కయ్య చాటున దాక్కున్నాను, ఇప్పుడు ఈమె చాటున దాక్కోవడానికి వచ్చాను. ఈమెకు అది ఒక్క చూపులో తెలిసిపోయింది.

"పోనీ అని ఆయనన్నాడు. నేననను," అన్నది ఆమె మళ్ళీ చింతపండు అందుకుంటూ. "ఉండే కయ్య అదొకటే. మీ పని మీరు చేసుకోండి."

లేచాను. గడప దాటబోతూ ఆగి, ఆయన పూర్తి పేరు ఏమిటని అడిగాను. చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

ఫోను చేసిన అమ్మాయి రోడ్డు మీదే ఉంది, చేతిలో ఫైలు, భుజాన సంచిలో ఎర్రజెండాలు. నేనెవరో చెప్పగానే నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఆ కయ్యలో ఉన్న పెంకులు అక్కడివి కావమ్మా," అన్నాను. "తోలినవి. మొదట బండి మీద, తరువాత సైకిలు మీద. నేను తప్పు రాశాను. తప్పని తెలిశాక కూడా దిద్దలేదు."

నవ్వు ఆగిపోయింది. "మరి అసలు స్థలం ఎక్కడ మేడమ్?"

"నువ్వు నిలబడ్డ చోట."

ఆమె కాళ్ళ కింద తారు వంక చూసుకుంది. రొయ్యల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. తూర్పున మిగిలిన నాలుగు సర్వి చెట్ల కిందికి తీసుకుపోయాను. ఆకు నెట్టి, ఇసక తోడి, బూడిదరంగు మన్ను చిటికెడు తీసి ఆమె అరచేతిలో వేసి, రుద్దమన్నాను. రుద్దింది. తరువాత ఫైలు తెరిచి పెన్ను తీసింది.

"ఈ సమాచారం ఎవరిచ్చారని రాయను? మీ పేరు రాయనా?"

"తప్పు ఉన్న చోట నా పేరు రాయి," అన్నాను. "ఇక్కడ మాత్రం ఆ కయ్య పెద్దాయన పేరు."

పేరు చెప్పాను. ఆమె తొందరలో తప్పు రాసింది. కొట్టివేయించి, ఒక్కొక్క అక్షరమే విడదీసి, మళ్ళీ చెప్పాను.